4వ నంబర్ పెట్టె: మా మోత ప్రాజెక్టు డైరీ

నవంబర్ 2

టెక్కలి దగ్గర హైవే పక్కన నాది పంక్చర్ షాపు. డైరీ రాయమని మా చెల్లి రెండు వారాలుగా చంపేస్తోంది, తను డిగ్రీలో జువాలజీ చదివింది, నాకేమో టైర్లు తప్ప ఇంకోటి తెలీదు, అయినా రాస్తున్నాను.

దెబ్బ తిన్న పక్షుల్నీ జంతువుల్నీ డాక్టర్ దాకా మోసుకెళ్ళే ఈ పని పోయిన ఏడు డిసెంబర్లో మొదలైంది. తేలినీలాపురం వైపు నుంచి ఒక పెద్దాయన బండి మీద గోనెసంచి పట్టుకొచ్చి షాపు ముందు దింపాడు. లోపల ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్) పిల్ల, గూట్లోంచి జారి పడిపోయిందట. కాళ్ళు రెండూ తాడేసి కట్టీసి, సంచి మూతి బిగించి, దారిలో రెండుసార్లు ఆగి ముక్కు తెరిచి సీసాతో నీళ్ళు పోసాడు. "డాట్రు కాడికి ఒట్టుకెల్దామనొచ్చినాను బావు, ఆలెక్కడుంటారో తెల్దు" అన్నాడు. విప్పి చూసేసరికి ప్రాణం లేదు. పశువుల డాక్టర్ గారు చూసి చెప్పిందేంటంటే కిందపడిన దెబ్బ పెద్దది కాదు, పోసిన నీళ్ళు ఊపిరి గొట్టంలోకి వెళ్ళిపోయాయి, మిగతాది సంచిలో ఉడుకు, భయం. అంటే ఆ పిల్ల దెబ్బతో పోలేదు, మోతతో పోయింది. ఆయన మీద కోపం కూడా రాలేదు నాకు, ఎందుకంటే పొలం పని వదిలేసి సొంత పెట్రోలు పోసుకుని వచ్చిన మనిషి, నేనైనా అప్పటికి అదే చేసుండేవాడిని, చిన్నప్పుడు ఉడతపిల్లకి ఆవుపాలు పోసి చంపిన చరిత్ర నాది.

అందుకని ఇప్పుడు ఐదుగురం కలిసాం. ఇద్దరు ఆటోవాళ్ళు, ట్రాలీ బండి ఉన్న ఇంకొకాయన, నేను, చెల్లి. అనుకున్నది ఒకటే, వైద్యం మనది కాదు, మోత మనది. దొరికిన చోటు నుంచి అప్పచెప్పే చోటు దాకా దాన్ని ఇంకొంచెం పాడు చెయ్యకుండా తీసుకెళ్ళడం, అంతే.

ముందు ఫారెస్టు బీట్ ఆఫీసర్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన టీ తాగించి మరీ భయపెట్టారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి జంతువు గవర్నమెంటు సొత్తు, నీ దగ్గరికి ఏ రకంగా వచ్చినా సరే 48 గంటల్లో దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కో అధికారం ఉన్న ఆఫీసర్‌కో చెప్పాలి, అది 39వ సెక్షన్. జాలిపడి ఇంట్లో పెంచుకున్నా కేసే. "48 గంటలు కాదు, మీరు ఎత్తకముందే ఫోన్ చెయ్యండి, నేను ఊ అన్నాక ఎత్తండి" అన్నారు. మా కాగితం మీద మొదటి లైను అదే రాసాం: ముందు ఫోను, తర్వాత చెయ్యి.

కాగితం ఒక పేజీ దాటకూడదని ఇంకో రూలు. దాటితే ఆటోవాడు చదవడు, నేనూ చదవను.

నవంబర్ 9

ఈ రోజంతా పెట్టెల పని. పలాసలో జీడిపప్పు సరుకు వెళ్ళే అట్టపెట్టెలు మందంగా ఉంటాయి, తెలిసిన కొట్లో ఐదు ఊరికే ఇచ్చారు. గాలి కన్నాలకి నా దగ్గర ట్యూబ్‌లెస్ టైరు పంక్చర్ వేసే గరుకు సూది ఉంది కదా, దానితో బయట నుంచి టకటకా పొడిచీసాను. చెల్లి లోపల చెయ్యి పెట్టి చూసి వెంటనే తీసేసింది, అట్ట చిరిగి ముళ్ళలా లోపలికి లేచుంది, పక్షి కన్ను తగిలితే ఏంటి గతి. రెండో పెట్టెకి లోపలి నుంచి బయటికి పొడిచాను, లోపల నున్నగా వచ్చింది. కన్నాలు చిటికెన వేలంత, ఎదురెదురు రెండు వైపులే, నాలుగు పక్కలా పెడితే వెలుతురు ఎక్కువైపోయి అది బయటికి చూస్తూ కొట్టుకుంటుంది. కన్నాలు పక్షిని పెట్టకముందే పొడవాలి అని కూడా రాసాం, నవ్వకండి, పెట్టాక పొడిచేవాళ్ళు ఉంటారు.

అడుగున ఏం వెయ్యాలో తేలడానికి మధ్యాహ్నం అయ్యింది. పేపరు వేస్తే జారుతుంది, కాళ్ళు చెరో పక్కకి పోతాయి. తువ్వాలు వేస్తే పోగుల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి. పాత నూలు చీర బాగుంది. కాళ్ళ మీద నిలబడలేని పక్షి పెట్టెలో దొర్లిపోతే ఎలాగ అని మేం కొట్టుకుంటుంటే మా అమ్మ అన్నం గిన్నె పట్టుకొచ్చి నిలబడి చూసి "సుట్టకుదురు ఎట్టండిరా, కుండ దొర్లదు, కొంగ దొర్లుద్దేటి" అంది. అంతే. పాత చీరని మెలేసి చుట్టకుదురు చేసి మధ్యలో పెడితే ఛాతీ అందులో కూర్చుంటుంది, కాళ్ళు కిందకి వస్తాయి, బండి గుంటలో పడ్డా ఒరగదు. ఇంటర్నెట్లో అంతసేపు వెతికిన చెల్లి మొహం చూడాలి.

తేలినీలాపురం గూడబాతులకి, అదే పెలికాన్లకి, అట్టపెట్టె చాలదు. పెద్దది ఐదారు కిలోలు ఉంటుంది, రెక్కలు చాపితే రెండు మీటర్ల పైమాట. రెక్క చాపే చోటు ఉండకూడదు, చాపితే విరగ్గొట్టుకుంటుంది, లేచి కూర్చుని తిరిగే చోటు ఉంటే చాలు. వడ్రంగి మావ ప్లైవుడ్‌తో చేసిచ్చాడు, లోపల మేకు మొన ఒక్కటి కనబడదు, పట్టుకోడానికి లారీ ట్యూబు పట్టీలు నేను వేసాను. దానికి 4 అని పెయింటుతో నంబర్ రాసాం. ఇప్పటిదాకా నా చేత్తో చేసిన వాటిలో ఇదే బాగా వచ్చింది అనిపిస్తోంది.

నవంబర్ 24

మొదటి కేసు. గూడబాతు పిల్ల, చెట్టు కింద పడి ఉంది. తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు పెడతాయి, సెప్టెంబర్ అక్టోబర్లలో వచ్చి పిల్లల్ని చేసుకుని ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి, ఊరి జనం వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు, కానీ గాలికో గూట్లో తోపులాటకో పిల్లలు పడుతూనే ఉంటాయి.

ఫోన్ చేసాం, ఆఫీసర్ గారు సరే అన్నారు, దుప్పటి వేసి ఎత్తాం, బాగానే ఉంది. అప్పుడు నేనొక తెలివి ప్రదర్శించాను. కొరుకుతుందేమో అని సన్న ట్యూబు ముక్క కోసి రబ్బరు బ్యాండులా ముక్కు చుట్టూ వేసీసాను. డాక్టర్ గారి దగ్గరికి పావుగంట దారి. ఆయన పెట్టె తెరిచి ఆ రబ్బరు చూసి తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. గూడబాతుకి బయటికి తెరుచుకునే ముక్కు రంధ్రాలు ఉండవట, మూసుకుపోయి ఉంటాయి, అది నోటితోనే ఊపిరి తీసుకుంటుంది. ముక్కు కట్టడమంటే మనిషికి ముక్కూ నోరూ కలిపి మూసినట్టే. అదృష్టం, నా రబ్బరు వదులుగా ఉంది. ఎలా పట్టుకోవాలో చూపించారు, పై ముక్కుకీ కింద ముక్కుకీ మధ్యలో మన వేలు ఒకటి అడ్డం ఉంచి మిగతా చేత్తో పట్టుకోవాలి, సందు ఉంటుంది, పొడవదు. వేలు పెట్టి నేనూ పట్టుకున్నాను. ఆ సందులోంచి వెచ్చటి గాలి వేలికి తగులుతోంది, చేపల వాసన, కింద సంచి చర్మం గుప్పు గుప్పుమని ఆడుతోంది. ఒక నిమిషం అలాగే ఉండిపోయాను.

3 కిలోల 400 గ్రాములు, పక్క కిరాణా కాటా మీద పెట్టెతో సహా తూచి పెట్టె బరువు తీసేసాం. ఫారెస్టు వాళ్ళకి అప్పచెప్పాం.

కాగితంలో చేరినవి: గూడబాతు ముక్కు కట్టకు. కొంగల దగ్గర కళ్ళద్దాలు పెట్టుకో, అవి కళ్ళకే గురిచూస్తాయి, వెల్డింగ్ షాపు కళ్ళద్దాలు రెండు జతలు తెచ్చాం. డాక్టర్ చెప్పేదాకా తిండి వద్దు, నోట్లో నీళ్ళు వద్దు, పాలు అసలే వద్దు, మన నొప్పి మాత్రలు పొడి చేసి పొయ్యడం లాంటివి చేస్తే కాళ్ళు విరగ్గొడతాను అని కూడా రాసాను, చెల్లి కొట్టేసింది.

డిసెంబర్ 6

తెల్ల గుడ్లగూబ. స్కూలు పిల్లలు తెచ్చారు, రాత్రి ఏ లారీయో తగిలి ఉంటుంది, రోడ్డు పక్క మత్తుగా కూర్చుందట. పాములా బుస్సుమంటుంది, పిల్లలు భయపడి చచ్చారు. పక్కింటి అప్ప "ఓలమ్మో, దాన్ని కొంపలోకి తెచ్చీసినావేటిరా" అని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చీకటి పెట్టెలో షాపు వెనకాల పెట్టీసి ఎవర్నీ చూడనివ్వలేదు. డాక్టర్ గారు చూసారు, ఎముకలు బాగానే ఉన్నాయి. మర్నాడు సాయంత్రం ఫారెస్టు వాళ్ళే వచ్చి దొరికిన చోటే వదిలారు. దొరికిన చోటు పిల్లలు సరిగ్గా చెప్పబట్టి సరిపోయింది, అందుకే ఇకమీదట పెట్టె మీద చీటీ, ఎక్కడ దొరికింది, ఏ టైముకి, ఎవరు ఎత్తారు, ఏమైనా పెట్టారా. కిలోమీటరు రాయి నంబరు రాస్తే ఇంకా మంచిది.

డిసెంబర్ 21

ఇది రాయాలని లేదు కానీ రాస్తాను.

కోటబొమ్మాళి దాటాక హైవే మీద నక్కని ఏదో గుద్దేసింది. మా షాపులో పనిచేసే గుంటడు నాకు చెప్పకుండా బండేసుకుని వెళ్ళి ఒట్టి చేతుల్తో ఎత్తాడు. అది కొన ఊపిరితో ఉంది, గోరు గీరింది, మణికట్టు మీద రక్తం. నక్క బండి మీదే చచ్చిపోయింది. వాడు షాపుకొచ్చి చెయ్యి వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. "ఏటయ్యిందిరా" అంటే "ఏటీ కాలేదు అన్నా, సిన్నదే" అంటాడు.

కుళాయి కింద చెయ్యి పెట్టించి సబ్బు వేసి 15 నిమిషాలు గడియారం చూసి కడిగించాను, వాడు ఏడుస్తూనే ఉన్నాడు, తర్వాత పెద్దాసుపత్రికి. కుక్క కాటుకి వేసే ఇంజెక్షన్లు, గాయం చుట్టూ వేసే ఇంకో మందు కూడా వేసారు. పిచ్చి రోగం, అదే రేబిస్, కుక్కలకే అనుకుంటాం, నక్కకీ ముంగిసకీ కోతికీ దేనికైనా ఉండొచ్చు, చూస్తే తెలీదు, మనిషికి లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవ్వరూ బతకరు. వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పడం నా వల్ల కాలేదు, ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఇకనుంచి జంతువుని ముట్టే ప్రతివాడికీ ముందే రేబిస్ టీకా మూడు డోసులు, మొదటి రోజు, ఏడో రోజు, 21వ రోజు. వేయించుకున్నా కరిస్తే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. పాలిచ్చే జంతువులు ఏవైనా సరే మేం ఎత్తం, ఫారెస్టు వాళ్ళు వచ్చేదాకా ట్రాఫిక్ ఆపి, జనాన్ని వెనక్కి పెట్టి, వీలైతే దూరం నుంచి దుప్పటి కప్పి కాపలా కాస్తాం. ఉద్దానం వైపు నుంచి ఎలుగు గురించి కూడా రెండు ఫోన్లు వచ్చాయి, జీడితోటలో పడుకుని ఉంది లేవట్లేదు అని. 2022 జూన్లో వజ్రపుకొత్తూరు వైపు మనుషుల మీద పడిన ఎలుగుని మత్తిచ్చి పట్టుకున్నాక అది కూడా బతకలేదు, తెలిసినవాళ్ళు చేసిన పనే అంత కష్టం, పంక్చర్ షాపువాడు పోయి ఏం చేస్తాడు. ఫోన్ నంబర్ ఇచ్చి ఊరుకున్నాం.

జనవరి 18

మొన్న సంక్రాంతికి గద్ద, రెక్కకి మాంజా. గద్దతో భయం ముక్కు కాదు, కాళ్ళు. తల మీద గుడ్డ కప్పితే నెమ్మదిస్తుంది, అప్పుడు రెండు కాళ్ళూ కలిపి పట్టుకోవాలి. దారం లాగి తీసేద్దామని చెయ్యి పోయింది, చెల్లి ఆపింది, రెండు వైపులా కత్తిరించి గాయంలో ఉన్న ముక్కని అలాగే ఉంచాం, కండలోకి దిగిన దారం లాగితే ఇంకా కోసుకుపోతుంది. నైలాన్ మాంజాని గ్రీన్ ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, బజార్లో మాత్రం దొరుకుతూనే ఉంది.

ఫిబ్రవరి 15

భావనపాడు నుంచి పొద్దున్న 6కి ఫోను. తాబేలు, ఆలివ్ రిడ్లే, బతికే ఉంది, తెగిన వల ముక్క ముందు రెక్కకి బిగుసుకుని కండ దాకా కోసింది. వెళ్ళేసరికి 40 మంది, దాన్ని వెల్లకిలా తిప్పేసి ఉన్నారు, పారిపోకుండా అట. అలా పడుకోబెడితే దాని బరువంతా ఊపిరితిత్తుల మీదే పడుతుంది, అవి పై డిప్ప కిందే ఉంటాయి. నలుగురం పట్టి తిప్పాం, 40 కిలోలు ఉంటుంది సుమారుగా. కుర్రాళ్ళు దాన్ని మళ్ళీ నీళ్ళలో తోసేద్దామంటారు, ట్రాలీ ఆయన ట్రాలీలో టార్పాలిన్ పరిచి నీళ్ళు నింపేద్దామంటాడు, సముద్ర తాబేలు కదా నీళ్ళు లేకపోతే చచ్చిపోద్ది అని. ఇది చేప కాదు, ఊపిరి పైకొచ్చి తీసుకునే ప్రాణి, నీరసంగా ఉన్నప్పుడు తల ఎత్తలేక ఆ నీళ్ళలోనే మునిగిపోతుంది. సముద్రంలోకి తోసినా అంతే.

ఈసారి మాత్రం నా షాపు పనికొచ్చింది. బండిలో కారు పాత టైరు ఒకటి ఉంది, దాని మీద తాబేలుని బోర్లా కూర్చోబెడితే పొట్ట భాగం టైరులో కుదురుకుని రెక్కలు గాల్లో ఉంటాయి, గట్టి దేనికీ కొట్టుకోవు, బండిలో జారదు. మళ్ళీ చుట్టకుదురే, మా అమ్మకి ఫోటో పంపాను. డిప్ప మీద తడి గోనె, తలా ముక్కూ మాత్రం బయటికి. వల దారం వదులుగా ఉన్నచోట కోసి, కండలో దిగింది వదిలేసాం. పడవ పెద్దయ్య ఒకాయన పక్కనే నడుస్తూ "గంగమ్మ బిడ్డరా, నెమ్మదిగా ఎట్టండి, నెమ్మదిగా" అంటూనే ఉన్నాడు, ఆ తెగిన వల ఆయనదే అయ్యుండొచ్చు, నేను అడగలేదు, అడిగితే రేపు ఇంకో తాబేలు దొరికినప్పుడు ఫోన్ చెయ్యడు.

ఫారెస్టు బండి ఎదురొచ్చి తీసుకెళ్ళింది. తర్వాత దాని సంగతి మాకు కబురు లేదు.

మార్చి 22

ఎండ మొదలైపోయింది, దానికన్నా పెద్ద చిరాకు ఇంకోటి.

రెక్క విరిగిన ఎర్రకాళ్ల కొంగ, విశాఖ తీసుకెళ్ళాలి, 160 కిలోమీటర్లు. ఫారెస్టు వాళ్ళు కాగితం రాసిచ్చారు, వాళ్ళ బండి ఖాళీ లేదు, కారు ఉందని వేరే ఊరి నుంచి ఒకతను తనే ముందుకొచ్చాడు. పొద్దున్న 5కి బయల్దేరమంటే 9కి వచ్చాడు. నీళ్ళ సీసా గడ్డకట్టించి గుడ్డ చుట్టి పెట్టెలో ఒక మూల పెట్టాం, ఒక మూలే, చలి ఎక్కువైతే రెండో మూలకి జరిగే వీలుండాలి. చీటీ ఇచ్చాం, మా పేజీ చదివి వినిపించాం, తల ఊపాడు. దారిలో అతను మూడుసార్లు మూత తీసి వీడియో తీసాడు, స్టేటస్‌లో మేమే చూసాం, వెనక పాటలు మోగుతున్నాయి, అందులో కొంగ నోరు తెరిచి రొప్పుతోంది. చేరేసరికి చచ్చిపోయింది. "ఎండ బ్రదర్, ఏం చేస్తాం" అన్నాడు. ఎండ కూడా కారణమే, కాదనను. కానీ మనిషి మొహం దానికి పులి మొహంతో సమానం, మూత తెరిచిన ప్రతిసారీ ఇంక అయిపోయాననుకుంటుంది, ఆ భయానికి ఒళ్ళు కాలిపోతుంది, పొడుగు కాళ్ళ పక్షులకైతే కండరాలే దెబ్బతిని తర్వాత నిలబడలేవు. బతికుందా లేదా చూద్దామని తెరవడం కూడా అంతే, చూసి నువ్వేం చేస్తావు, స్పీడు పెంచుతావు, అది ఇంకా ప్రమాదం.

ఇప్పుడు మూత మీద అడ్డంగా కాగితం పట్టీ అతికించి ఇద్దరం సంతకం పెడుతున్నాం, అప్పచెప్పే చోట పట్టీ చిరిగి ఉంటే ఎక్కడ ఎందుకు తెరిచావో చెప్పాలి. మా ఆటో ఆయన "పరీక్ష పేపరు కట్టలాగుంది" అన్నాడు. పాటలు, ఏసీ గాలి నేరుగా, అనవసరం హారన్లు అన్నీ బంద్. 9 దాటితే బండి కదలదు, సాయంత్రం దాకా నీడలో ఆగుతుంది.

ఇదే వారం చెరువు గట్టున మూడు కొంగలు చచ్చి పడున్నాయని ఫోనొచ్చింది. వెళ్ళాం, ముట్టలేదు. ఒకేచోట ఒకటికి మించి పోతే అది దెబ్బ కాదు, రోగమో విషమో అయ్యుండొచ్చు, ఫారెస్టుకీ పశుసంవర్ధక శాఖకీ చెప్పి దూరంగా ఉండాలి. 2021 చివర్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా పోయినప్పుడు కడుపులో నులిపురుగులే కారణమని తేలింది, అది తేల్చాలంటే చచ్చినవి లాబ్‌కి చేరాలి, మేం పుణ్యం అనుకుని పూడ్చేస్తే ఎవరికీ ఏం తెలీదు.

ఏప్రిల్ 12

గోరింక పిల్లల సీజన్. రోజుకో ఫోను. రెక్కలొచ్చి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతుంటే అది దెబ్బ తిన్నది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది, పైన తల్లి అరుస్తూనే ఉంటుంది, పిల్లిని తరిమి మీరు లోపలికి పోండి అని చెప్తున్నాం. మనిషి ముట్టుకుంటే తల్లి రాదు అనేది ఒట్టి మాట, ఈకలు రాని పిల్ల అయితే తీసి గూట్లో పెట్టేయొచ్చు. ఈ నెల్లో ఎక్కువ సాయం ఫోన్లోనే అయిపోయింది, పెట్రోలు మిగిలింది.

15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు మర పడవలు కదలవు, తాబేళ్ళ ఫోన్లు తగ్గుతాయి. ఇప్పటిదాకా మేం మోసినవి 17. అప్పచెప్పేసరికి బతికున్నవి 13, అందులో మళ్ళీ వదిలారని మాకు కచ్చితంగా తెలిసినవి 6. గుంటడికి ఇంజెక్షన్లు అయిపోయాయి, బాగున్నాడు, ఇప్పుడు వాడే అందరికీ చేతి తొడుగులు లెక్కపెట్టి ఇస్తున్నాడు, ఇవ్వకపోతే అరుస్తాడు కూడా. నవంబర్ గూడబాతు పిల్లకి ఎగిరే ఈకలు వచ్చాయని బీట్ ఆఫీసర్ గారు చెప్పారు.

అట్టపెట్టెలు ఒకసారి వాడాక కాల్చేస్తున్నాం, ప్లైవుడ్‌ది బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో కడిగి ఎండలో పెడతాం. పెడతాం అంటున్నాను కానీ పెట్టడానికి పెట్టె ఏదీ. జంతువుతో పాటు వెళ్ళిన పెట్టె వెనక్కి రావట్లేదు. మార్చి కొంగతో విశాఖ వెళ్ళిందే ఆఖరు, కారతను అక్కడ ఇచ్చేసానంటాడు, అక్కడ అడిగితే అతనే పట్టుకెళ్ళాడంటారు. వడ్రంగి మావ ఇంకోటి చెయ్యడానికి ఒప్పుకున్నాడు గానీ ప్లైవుడ్ డబ్బులు ముందే ఇమ్మంటున్నాడు. ఎవరి దగ్గరైనా పక్కన తెల్ల పెయింటుతో 4 అని రాసి, నల్ల ట్యూబు పట్టీలున్న పెట్టె కనబడితే, ఉల్లిపాయలు పోసుకుంటున్నా సరే, టెక్కలి వైపొచ్చే ఏ లారీలోనైనా పడెయ్యండి, హైవే మీద నా షాపు ముందు దింపుతారు.